గొంతు బాగుంది... గుయ్యిమంటున్నదెవరు?

ముఖం ఒకరిది, గొంతు ఇంకొకరిది అయితే మన ప్రేక్షకులకి ఏనాడూ పేచీ లేదు. తెలుగులో కమల్‌హాసన్‌ నోరు మెదిపితే చాలా చిత్రాల్లో పలికింది బాలసుబ్రహ్మణ్యంగారు. ఆ సంగతి తెలిసీ ఈల వేసినవాళ్ళం మనం! "అరుంధతి" (2009)లో మనల్ని వణికించింది సోనూ సూద్‌ కళ్ళా, రవిశంకర్‌ గొంతా అంటే తేల్చి చెప్పడం కష్టం. అంచేత కాస్త గొంతున్న ప్రతివాళ్ళకీ లోపల ఓ మూల ఆశ వుంటుంది, మనకీ ఓ పాత్ర దొరక్కపోతుందా అని.

ఆ ఆశకి ఇదివరకు డబ్బింగ్‌ థియేటర్‌ గుమ్మం అడ్డం. తెలిసినవాళ్ళు వుండాలి, లోపలికి పిలవాలి, మైకు ముందు నించోబెట్టాలి. 2020లో కరోనా పుణ్యమా అని థియేటర్లకి తాళాలు పడ్డాక ఆ గుమ్మం కాస్తా ఇంట్లోకే నడిచి వచ్చేసింది. ఓ డెస్క్‌టాప్‌ కంప్యూటరు, ఓ మైకు, తలుపు వేసుకునే ఓ గది... అయిపోయింది స్టూడియో! తర్వాత తాళాలు తీశారు గానీ, శాంపిల్‌ ఇంటినుంచే పంపించే అలవాటు మాత్రం వుండిపోయింది.

ఇంతవరకూ కథ సుఖంగానే నడిచింది. ఇక్కడ విలన్‌ ప్రవేశం. ఆయనగారి పేరు 'నాయిస్‌'.

"సార్‌, డైలాగు చక్కగా చెప్పాను, తిరిగి వింటే వెనకాల గుయ్యిమంటోంది. ఏం చెయ్యమంటారు?" ఈ మాదిరి వుత్తరాలు ఈ శీర్షికకి వస్తూనే వున్నాయి. సినిమా కబుర్లు రాసుకునేవాణ్ణి అడగాల్సిన ప్రశ్న కాదనుకోండి. అయినా మైకు ముందు నించునేవాళ్ళనీ, అద్దం వెనక కూచునే సౌండు ఇంజనీర్లనీ వేధించి తెలుసుకున్నది కొంత వుంది. ఈ వారం తారల కబుర్లు కట్టిపెట్టి ఆ సంగతి చూద్దాం.

అన్నట్టు, ఈ విలన్‌ కొత్తవాడేం కాదు. మన దేశంలో టాకీ ఎంత పాతదో వీడూ అంత పాతవాడు. అర్దేషిర్‌ ఇరానీ "ఆలం ఆరా" (1931) తీస్తున్నప్పుడు స్టూడియో పక్కనే రైలు పట్టాలు. పగలు షూటింగ్‌ పెడితే హీరో మాటకంటే రైలు కూతే ముందు రికార్డవుతుంది. అందుకని రైళ్ళు ఆగాక, అర్ధరాత్రి ఒంటిగంట దాటాక పని మొదలెట్టి తెల్లవారుజామున నాలుగింటిదాకా తీసేవారు. మైకులు కెమెరాకి కనబడకుండా ఎక్కడెక్కడో దాచిపెట్టేవారు. ఆ తర్వాతి రోజుల్లో ఏరీ టూ-సీ అనే చేతివాటం కెమెరా వచ్చింది. తేలిక, చవక, ఎక్కడికైనా మోసుకెళ్ళచ్చు. గొడవల్లా ఒకటే, అది తిరుగుతుంటే కుట్టుమిషను తొక్కినట్టు వుండేది. ఆ చప్పుడులో రికార్డయిన మాట పనికిరాదు గనక, దాన్ని గుర్తుకోసం వుంచుకుని అసలు మాట తర్వాత థియేటర్లో చెప్పించేవారు. మన దేశంలో డబ్బింగ్‌ అంతగా వేళ్ళూనుకోవడంలో ఆ కెమెరా చప్పుడు వాటా తక్కువేం కాదు. అంటే నాయిస్‌కి భయపడి పుట్టిన వృత్తిని ఇప్పుడు ఇంట్లో అదే నాయిస్‌ పట్టుకుంది. విధి అంటే ఇదే కాబోలు!

ఇంతకీ అసలు కథ. కృష్ణానగర్‌లో నాకు తెలిసిన ఓ డబ్బింగ్‌ ఆర్టిస్టు వుంది. పేరు రాయను, ఆవిడ వొప్పుకోదు. జనంలో అరిచే గొంతులూ, నర్సులూ, పక్కింటి పిన్నిగార్లూ... ఇలాంటి పాత్రలకి చాలాకాలంగా చెబుతోంది. చీటీ పాడి, వచ్చిన డబ్బుతో పాత డెస్క్‌టాప్‌ ఒకటీ, ఓ మైకూ కొనుక్కుంది. ఓ హిందీ సీరియల్‌ తెలుగు చేస్తున్నారు, అందులో అత్తగారి పాత్ర. నడిచినన్నాళ్ళూ నెలనెలా పని. శాంపిల్‌ పంపింది. కో-ఆర్డినేటర్‌ దగ్గర్నుంచి జవాబు వచ్చింది: "గొంతు సరిపోయిందమ్మా. వెనకాల మోటారు తిరుగుతోంది. గురువారం సాయంత్రంలోగా శుభ్రంగా పంపితే సరే, లేకపోతే ఇంకొకరిని చూసుకుంటాం."

నేను వెళ్ళేసరికి మంగళవారం మధ్యాహ్నం. గది చూస్తే జాలేసింది. గోడలనిండా కోడిగుడ్ల అట్టలు! వాటిమీద నల్ల స్పాంజి ముక్కలు. కిటికీకి రెండు దుప్పట్లు. ఆవిడ చెమటలు కారుతూ కూచుంది.

"ఇంకేం చెయ్యను తమ్ముడూ? ఫ్యాను ఆపేశాను. ఫ్రిజ్‌ తీసేశాను. పక్కింటివాళ్ళ మిక్సీ కూడా ఆపించాను. అయినా అలాగే మోగుతోంది!"

కోడిగుడ్ల అట్టల గురించి ఓ మాట. ఇది మన దగ్గరే కాదు, దేశదేశాల్లో పాకిన నమ్మకం. ఆ అట్ట గదిలో గలగలని కాస్త తగ్గిస్తుందేమో గానీ, బయటి చప్పుణ్ణి ఆపే బరువు దానికి లేదు. చప్పుణ్ణి ఆపాలంటే బరువు కావాలి, సందులు మూసుకోవాలి. అంతకన్నా ముఖ్యం, ఆవిడ చప్పుడు గాలిలోంచి వస్తోందో, తీగెలోంచి వస్తోందో ఎవరూ చూడలేదు. తీగెలో వున్న దొంగని గోడకి అట్టలు కొట్టి పట్టుకోగలమా?

దీనికి పైసా ఖర్చులేని పరీక్ష ఒకటుంది. మైకుని దిండ్ల మధ్య పెట్టి, పైన బొంత కప్పి, గదిలో ఎవరూ మాట్లాడకుండా ఓ పది సెకన్లు రికార్డు చెయ్యండి. బొంత తీసేసి మళ్ళీ పది సెకన్లు. రెండూ వినండి. బొంత కింద చప్పుడు బాగా తగ్గితే అది గాలిలోంచి వచ్చేది. ఫ్యానో, వీధో, కంప్యూటరు లోపలి పంకాయో. బొంత కప్పినా అదే గుయ్యి అంతే గట్టిగా వుందా... దొంగ ఇంట్లోనే, కరెంటు తీగెల్లోనే వున్నాడు.

అక్కయ్యగారి బొంత కిందనుంచి వచ్చిన గుయ్యిలో వీసమెత్తు తేడా లేదు. ఆ క్షణంలో ఆవిడ గోడలకేసి చూసిన చూపు ఏ నటికైనా ఇస్తే అవార్డు రావాలి.

జాగ్రత్తగా వింటే అక్కడ వున్నది ఒక చప్పుడు కాదు, మూడు. 'స్‌స్‌స్‌' అని కుక్కర్లో ఆవిరిలాంటిది ఒకటి. 'గుమ్మ్‌మ్‌' అని ట్రాన్స్‌ఫార్మర్‌ కింద నించున్నట్టు ఒకటి. ఈ రెంటి మధ్యా సన్నగా 'కిర్‌కిర్‌'. మౌస్‌ కదిపితే ఆ కిర్‌కిర్‌ మారుతోంది, ఆపితే సద్దుమణుగుతోంది. మూడూ ఒకేసారి వినబడితే మనకి 'మోటారు' అనిపిస్తుంది. విడదీస్తే ఒక్కొక్కడూ ఒక్కొక్క జైలుకి వెళ్ళాల్సినవాడు.

ముందు కిర్‌కిర్‌ గాణ్ణి పట్టాం, ఎందుకంటే వాడే తేలిక. ఆవిడ మైకు తీగెని కంప్యూటరు డబ్బా ముందువైపు రంధ్రంలో పెట్టింది. చేతికి అందుతుందని అందరం పెట్టేది అక్కడే. ఆ ముందు రంధ్రంనుంచి లోపల సన్నటి తీగె ఒకటి డబ్బా అంతా తిరిగి మదర్‌బోర్డు దాకా పోతుంది. దారిలో గ్రాఫిక్స్‌ కార్డు, పవర్‌ సప్లై, పంకాలు... అందరి ఇళ్ళముందునుంచీ నడుచుకుంటూ వెళ్ళి అందరి గొడవా మోసుకొస్తుంది. మైకునుంచి వచ్చే కరెంటు వోల్టులో వెయ్యోవంతుల లెక్క. అంత బలహీనమైన దాని పక్కన మౌస్‌ కదలిక కూడా పెద్ద గలాటాయే. వెనకవైపు మదర్‌బోర్డుకే అతికి గులాబీరంగు రంధ్రం వుంటుంది. అందులోకి మార్చాం. కిర్‌కిర్‌ ముప్పాతికవంతు పోయింది.

రెండోది స్‌స్‌స్‌. విండోస్‌లో సౌండు సెట్టింగులకి వెళ్ళి, రికార్డింగ్‌ జాబితాలో మైకు తెరిచి, 'లెవెల్స్‌' చూస్తే అక్కడ 'మైక్‌ బూస్ట్‌' అని వుంది. పది, ఇరవై, ముప్ఫై డెసిబెల్‌ల మెట్లు. ఆవిడది ముప్ఫై మీద వుంది. ఇరవై అంటే పదిరెట్లు, ముప్ఫై అంటే ముప్ఫైరెట్లకి పైమాటే. మాటని పెంచుతున్నామని మనం అనుకుంటాం. వెనకాల వున్న చెత్తనీ అన్నిరెట్లూ పెంచుతున్నామని అది చెప్పదు.

"తగ్గిస్తే నా మాట వినబడదుగా?" అందావిడ.

వినబడదు, నిజమే. మైకు రెండడుగుల దూరంలో మానిటర్‌ పక్కన పెట్టుకుంటే ఎలా వినబడుతుంది? దూరం సగం చేసిన ప్రతిసారీ మాట ఆరు డెసిబెల్‌లు పెరుగుతుంది. రెండడుగులనుంచి అడుగుకి, అడుగునుంచి జానెడు కన్నా దగ్గరికి, ఆరంగుళాలకి తెస్తే పన్నెండు. అంటే నాలుగు రెట్లు, అదీ పైసా ఖర్చు లేకుండా! బూస్ట్‌ని ముప్ఫైనుంచి పదికి దించి, మైకుని నోటి దగ్గరికి తెచ్చాం. తక్కువ పడింది కాస్త మామూలు లెవెల్‌తో సరిచేశాం. స్‌స్‌స్‌ వెనక్కి తగ్గింది.

దగ్గరికి తెస్తే ఇంకో చిక్కు వుంది, అది మన భాషకి మరీ ఎక్కువ. 'భ', 'ఫ', 'ధ', 'ఘ' పలికినప్పుడు గాలి తుపాకీ గుండులా వచ్చి మైకుకి తగులుతుంది. పౌరాణిక డైలాగు చెప్పేవాళ్ళు ఒక్క 'భీష్మా!' అన్నారంటే చాలు. మైకుని నోటికి ఎదురుగా కాక కొంచెం పక్కగా, వాలుగా పెట్టుకోవాలి. మధ్యలో ఎంబ్రాయిడరీ చట్రానికి పల్చటి నైలాను గుడ్డ బిగించి నించోబెడితే బజార్లో అమ్మే ఫిల్టరు చేసే పనే అదీ చేస్తుంది. అత్తగారి పాత్రలో 'భ'లు ఎన్నో అప్పుడే తెలిసింది!

ఇక మిగిలినవాడు గుమ్మ్‌గాడు. వీడే అసలు విలన్‌. మన దేశంలో ఇళ్ళకి వచ్చే కరెంటు సెకనుకి యాభైసార్లు అటూ ఇటూ వూగుతుంది. ఆ వూపు మైకు తీగెలోకి జొరబడితే యాభైలోనూ, వందలోనూ, దాని ఎక్కాల్లోనూ 'గుమ్మ్‌' అని మోగుతుంది. ఎక్కడ జొరబడుతోందా అని డబ్బా మీద చెయ్యి వేశాను. గుమ్మ్‌ తగ్గింది! చెయ్యి తీశాను, పెరిగింది. చెయ్యి వేసినచోట సన్నగా చీమ కుట్టినట్టు జిల్లుమంది.

"అది ఎప్పుడూ అంతే తమ్ముడూ, చెప్పులేసుకుంటే ఏం కాదు" అంది ఆవిడ, పాత స్నేహితురాలి గురించి చెప్పినట్టు.

నాకు ఒళ్ళు మండింది. చెప్పులేసుకుని వాడాల్సిన వస్తువు కాదది! కంప్యూటరు పవర్‌ సప్లై లోపల చిల్లర కరెంటుని భూమిలోకి పంపే ఏర్పాటు వుంటుంది. దానికోసమే మూడు పుల్లల ప్లగ్గు. మూడో పుల్ల, లావుది, ఎర్తు. గోడలో ఎర్తు తీగె లేకపోతే ఆ కరెంటు వెళ్ళడానికి దారిలేక డబ్బా ఇనుము మీదే కూచుంటుంది. టెస్టర్‌ పెడితే వెలుగుతుంది, ముట్టుకుంటే జిల్లుమంటుంది. అదే కరెంటు మైకు తీగెలోకి దూరి గుమ్మ్‌మంటుంది. అంటే ఆ నెలలన్నీ ఆవిడ రికార్డింగ్‌ వినిపిస్తున్నది నాయిస్‌ కాదు, హెచ్చరిక. లోపల ఇంకేదైనా తీగె వూడి డబ్బాకి తగిలిందంటే చెప్పులు కాపాడవు.

గోడ సాకెట్టు ఎలక్ట్రీషియన్‌తో విప్పించాం. మూడు రంధ్రాలున్నాయి గానీ మూడోదాని వెనక తీగే లేదు. అలంకారం! ఇల్లుగలాయనకి చెబితే, "మొదట్నించీ అలాగే వుంది, ఎవరికీ ఏం కాలేదు" అన్నాడు. ఆ మాటకి ఎలక్ట్రీషియన్‌ ఇచ్చిన జవాబు ఇక్కడ అచ్చు వేయడం కుదరదు. కింద మీటరు బోర్డు దగ్గర ఎర్తు సవ్యంగా వుంది, గదిదాకా లాగలేదంతే. బుధవారం పొద్దున పచ్చతీగె లాగాడు. ఖర్చు ఇల్లుగలాయన పెట్టుకోలేదు, ఆవిడే పెట్టుకుంది. కంప్యూటర్నీ, మానిటర్నీ, స్పీకర్లనీ తలో మూల సాకెట్టులో కాక ఒకే బోర్డుమీదికి తెచ్చాం. రెండు మూడు చోట్ల ఎర్తు కలిస్తే వాటి మధ్య తిరిగే కరెంటు కూడా ఇలాగే గుమ్మ్‌మంటుంది గనక.

ఇక్కడ కాస్త ఖచ్చితంగా చెప్పాలి. గుమ్మ్‌ పోవడానికి ఎర్తు పుల్ల విరిచెయ్యమనో, రెండు పుల్లల అడాప్టరు పెట్టమనో సలహా ఇచ్చే పెద్దమనుషులు వున్నారు. ఒక్కోసారి గుమ్మ్‌ పోతుంది కూడా. దాంతోపాటు మీరూ పోవచ్చు. ఎర్తుని న్యూట్రల్‌కి కలిపేసేవాళ్ళూ, నీళ్ళ పైపుకి కట్టేసేవాళ్ళూ వాళ్ళకి అన్నదమ్ములు. ఈ ఒక్క పనికీ స్నేహితుల్ని కాక లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

ఇంత చేశాక మళ్ళీ బొంత పరీక్ష పెట్టాం. నిశ్శబ్దం! పూర్తిగా కాదనుకోండి, పాత మదర్‌బోర్డు మీద వున్న సౌండు చిప్పుకి దాని సొంత బుసబుస కాస్త వుంటుంది. అదీ వద్దనుకుంటే మైకు కరెంటుని డబ్బా బయటే అంకెలుగా మార్చే చిన్న యూఎస్‌బీ సౌండు కార్డు కొనుక్కోవచ్చు. లేదా మైకే యూఎస్‌బీది కొనచ్చు. అప్పుడు మదర్‌బోర్డు గొడవ మైకు మాటలో కలవదు. యూఎస్‌బీ అన్నంతమాత్రాన స్వర్గం అనుకోకండి. కొన్నిట్లో సరిగ్గా వెయ్యి హెర్ట్జ్‌లో దోమ పాడినట్టు ఓ కూత వస్తుంది. యూఎస్‌బీలో సమాచారం సెకనుకి వెయ్యి మూటలుగా నడుస్తుంది, ఆ నడక అడుగుల చప్పుడే అది. హబ్బులోంచి కాక వెనకవైపు రంధ్రంలో నేరుగా పెడితే చాలాసార్లు తగ్గుతుంది.

మరి గాలిలోంచి వచ్చే చప్పుడో? అప్పుడు బట్టలు పనికొస్తాయి. బీరువా తలుపులు తెరిచి, నిండా చీరలున్నవైపు మొహం పెట్టి చెబితే గది గలగల పోతుంది. మైకుకి వీపు ఎటుంటే అటునుంచి తక్కువ వినే రకాలు ఎక్కువ. ఆ వీపుని కంప్యూటరు డబ్బాకేసి తిప్పండి, డబ్బాని బల్లమీదనుంచి కిందికి దించండి. ఫ్యాను ఆపాల్సిందే, దానికి మందు లేదు.

'టిట్టిటీ టిట్టిటీ' అని వస్తే సెల్‌ఫోను. రెండో తరం నెట్‌వర్కు మీద ఫోను మాట్లాడేది సెకనుకి 217 ముక్కలుగా, ఆ ముక్కల చప్పుడది. ఫోను పక్కగదిలో పడెయ్యండి. 'కుయ్‌య్‌' అని అరిస్తే స్పీకర్లోంచి వచ్చిన మాట మళ్ళీ మైకులోకి వెళుతోంది. స్పీకరు కట్టేసి హెడ్‌ఫోన్‌ పెట్టుకోండి, విండోస్‌లో 'లిజన్‌' అన్నచోట టిక్కు వుంటే తీసెయ్యండి. తీగె కదిపినప్పుడల్లా 'టప్‌' మంటే తీగె మార్చడమే. హెడ్‌సెట్‌ ప్లగ్గుకి మూడు నల్లగీతలు వుండి కంప్యూటరు రంధ్రం మామూలుదైతే అసలు మాటే సరిగా రాదు, దానికి విడదీసే చిన్న జాయింటు తీగె అమ్ముతారు.

"ఇంత తంటా ఎందుకు, నాయిస్‌ తీసేసే సాఫ్ట్‌వేర్‌ వుందిగా?" అంటారు కుర్రాళ్ళు. వుంది. ఉచితంగా దొరికే ఆడాసిటీలోనే వుంది. మాటలేని నాలుగు సెకన్లు చూపిస్తే, 'ఇదీ చెత్త' అని గుర్తుపట్టి మొత్తంలోంచి దాన్ని తగ్గిస్తుంది. కొంచెం వాడితే మేలే. గుమ్మ్‌ అంతా దాంతోనే కడగాలని చూస్తే గొంతులో మాంసం కూడా వూడొస్తుంది. బిందెలో తల పెట్టి మాట్లాడినట్టు వుంటుంది. డబ్బింగ్‌ ఇంజనీర్లు దీన్ని ఒక్క వాక్యంలో పట్టేస్తారు. కొద్దిపాటి బుసబుస వున్న గొంతుని వాళ్ళు బాగుచేసుకోగలరు, కడిగి కడిగి చంపిన గొంతుని ఎవరూ బతికించలేరు. నా ఓటు వాళ్ళకే.

అక్కయ్యగారు సాఫ్ట్‌వేర్‌ తాకకుండానే గురువారం మధ్యాహ్నం అత్తగారి డైలాగు మళ్ళీ చెప్పి పంపింది. రాత్రి తొమ్మిదింటికి ఫోను. "మోటారు పోయిందమ్మా. రేపు మూడు ఎపిసోడ్లు పంపిస్తాం, చూసుకో." కోడిగుడ్ల అట్టలు మాత్రం గోడలకి ఇంకా వున్నాయి. జిగురు గట్టిదట, పీకితే సున్నం వూడుతుందిట.

శాంపిల్‌ పంపేవాళ్ళకి ఇంకొక్క ముక్క. సినిమా, టీవీ పనిలో చెల్లేది సెకనుకి 48 వేల లెక్క, కంప్యూటర్లో చాలాసార్లు వుండేది 44,100. విండోస్‌లోనూ, రికార్డు చేసే సాఫ్ట్‌వేర్‌లోనూ రెండుచోట్లా 48 వేలే పెట్టండి. ఎంపీత్రీ కాక వేవ్‌ ఫైలు పంపండి. మాట మొదలెట్టేముందు పది సెకన్లు ఊరికే కూచుని ఆ గది మౌనాన్ని కూడా రికార్డు చేసి వుంచండి. ఇంజనీరు ముందు వినేది దాన్నే.